గాయకుడు గ్రామఫోను కాడు

బాబ్ డిలన్ కచేరీ ముగిశాక సభామందిరం మెట్ల మీద రెండు తెగలవారు కనిపిస్తారు. మొదటి తెగ మోసపోయామంటుంది. ఏ పాట పాడుతున్నాడో సగం దాటేవరకూ బోధపడలేదనీ, గిటారు వదిలి పియానో వెనుక దాగాడనీ, సభకు ఒక్క నమస్కారమైనా పెట్టలేదనీ, గొంతు ఇసుక మీద ఈడ్చిన రేకులా ఉన్నదనీ వారి అభియోగం. రెండవ తెగ అరమోడ్పు కన్నులతో, ఈ రాత్రి తమ జన్మ తరించిందంటుంది. ఇద్దరూ విన్నది ఒకే కచేరీ.

నా పక్షమేదో ముందే చెప్పేస్తాను. మొదటి తెగవారు కోరుతున్నది న్యాయం కాదు. రెండవ తెగవారు చేస్తున్నది రసాస్వాదన కాదు. ఈ ఇద్దరి నడుమ నలిగిపోతున్నది పాట.

మొదటివారి ఫిర్యాదు కొత్తదేమీ కాదు. 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో ఇరవైనాలుగేళ్ళ డిలన్ విద్యుత్ గిటారు తగిలించుకుని, వాద్యబృందంతో వేదిక ఎక్కాడు. సభలో కొందరు గేలిచేశారు. గిటారు మారినందుకా, ధ్వని సరిగా కుదరనందుకా, మూడే పాటలతో దిగిపోయినందుకా అన్న వాదు నేటికీ తెగలేదు. మరుసటి ఏడు, 1966 మే 17న, మాంచెస్టర్‌లోని ఫ్రీ ట్రేడ్ హాలులో సభలోంచి ఒకడు ఆయనను "జూడాస్" అని అరిచాడు. క్రైస్తవ దేశంలో ఆ పేరు పెట్టి పిలవడమంటే గురుద్రోహి అనడమే. నిన్ను నమ్మను, నువ్వు అబద్ధమాడుతున్నావు అని వేదిక మీది నుండి జవాబిచ్చి డిలన్ తరువాతి పాట ఎత్తుకున్నాడు. ఊరూరా ఆ ఈసడింపులు భరించలేకనే డ్రమ్ములు వాయించే లెవన్ హెల్మ్ అంతకుముందే, 1965 చివరలో, బృందం విడిచి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చిత్రమేమిటో చూడండి. ఆ మాంచెస్టర్ కచేరీ దొంగ ముద్రణలుగా, వేరొక సభామందిరం పేరుతో, దశాబ్దాల పాటు చేతులు మారి, 1998లో అధికారికంగా వెలువడింది. నేడది రాక్ సంగీతంలో ప్రమాణగ్రంథం వంటిది. ఇప్పటి డిలన్‌ను నిందించేవారు అసలు డిలన్ అంటే అదీ అని చూపించేది ఆ ధ్వనినే! నిన్నటి ద్రోహం నేటి శాస్త్రమైంది. 1979 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో పద్నాలుగు రాత్రులు పాత పాటలన్నీ పక్కనబెట్టి భక్తిగీతాలే పాడినప్పుడూ జనం ఆగ్రహించారు. ఆ కాలపు కచేరీలు 2017లో పెట్టెకట్టి అమ్మితే, ఎంతటి తపన, ఎంతటి ఆవేశం అని మురిశారు. అంటే గాయకుడు మారడం నేరం కాదన్నమాట. మనం మారకముందే మారడం నేరం.

నావంటి తెలుగువాడికి ఈ తగాదా కొంత వింతగానే తోచాలి. మనకు కీర్తన ఒకటి, దానిని పాడే బాణీలు అనేకం. సంగతులు పెరుగుతాయి, తరుగుతాయి, నెరవు ప్రతి కచేరీలోనూ కొత్తగా పుడుతుంది. నిన్నటిలాగే పాడాడంటే విద్వాంసుడికి అది పొగడ్త కానే కాదు. మరి ఆ మనమే సినిమా పాటల కచేరీకి వెళ్ళామా, రికార్డులోని వయొలిన్ ముక్క ఒక్కటి తప్పిపోతే ముఖం చిట్లిస్తాం. కనుక ఇది పాశ్చాత్యుల జబ్బు కాదు. రికార్డు అనే వస్తువు వచ్చాక మనిషి చెవికి పట్టిన జబ్బు. ఒకనాటి మధ్యాహ్నం ఒక గదిలో ఒక విధంగా పాడినది మైనం మీద, టేపు మీద గడ్డకట్టి, పాటకు అదొక్కటే రూపమన్న భ్రమ కలిగించింది.

ఆ జబ్బు నాకూ పట్టింది. ఒప్పుకోకపోతే ఈ వ్రాత కపటమవుతుంది. పదిహేనేళ్ళ వయసులో మా ఊరి తిరునాళ్ళలో కృష్ణ రాయబారం చూడబోయాను. శ్రీకృష్ణ వేషధారి చుట్టుపక్కల పేరుమోసిన నటుడు. అప్పటికి అరవై దాటాయి. మా నాన్న ఆయన పద్యం గురించి ఎంతో చెప్పి ఉన్నాడు. హార్మోనియం శ్రుతి రెండు మెట్లు దించి, రాగాలాపన లేకుండా, పద్యాన్ని దాదాపు మాటలా చెప్పసాగాడాయన. వెనుక వరుసల్లోంచి మేము ఈలలు వేశాం. ఆయన ఆగలేదు, కసురుకోలేదు, పద్యం ముగించి పక్కకు తప్పుకున్నాడు. ఇంటికి నడుస్తూ మా నాన్న, "ఒరే, ఇవాళే ఆ పద్యానికి అర్థం తెలిసిందిరా నాకు" అన్నాడు. ఆయన మాట నాకు అర్థం కావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. రాగం తీసే ఊపిరి పోయాక ఆ నటుడికి మిగిలినది పద్యంలోని మాట. ఆ మాటనే ఆయన మా ముందుంచాడు. మేము మాత్రం ఆయన ఊపిరితిత్తులకు కదా టిక్కెట్టు కొన్నాం!

ముసలి గొంతును మనం క్షమించలేమా అంటే అదీ నిజం కాదు. 2015లో మెదడులో రక్తనాళం చిట్లి, మాట కూడా కోల్పోయిన జోనీ మిచెల్, 2022 జూలైలో, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసున, అదే న్యూపోర్ట్ వేదిక మీద కూర్చుని పాడింది. ఒకనాడు ఆకాశంలో ఎగిరిన ఆ గొంతు లోతుకు దిగిపోయింది. చూసినవారు కన్నీరు పెట్టుకున్నారు. రికార్డులోలా లేదని ఎవరూ డబ్బు వాపసు అడగలేదు. మరి డిలన్ గొంతు మీదనే ఎందుకీ కక్ష? నాకు తోచిన కారణమొక్కటే. ఆమె వెళ్ళిపోయి తిరిగివచ్చింది, ఈయన వెళ్ళనేలేదు. 1988 నుండి మూడు వేలకు పైగా కచేరీలు చేస్తూ మన కళ్ళెదుటే ముసలివాడయ్యాడు. మరణం అంచు దాకా పోయి వచ్చినవారిని ఆదరిస్తాం. రోజూ కొంచెం కొంచెంగా వృద్ధాప్యాన్ని చూపించేవారిని మాత్రం సహించలేం. ఎందుకంటే ఆ అద్దంలో కనబడేది మన ముఖమే.

ఇక రెండవ తెగ. వీరితో నా తగవు మరింత గట్టిది. మొదటివారు కనీసం విన్నారు, విన్నది నచ్చలేదు. వీరు వినకముందే తీర్పు వ్రాసుకుని వస్తారు. శ్రుతి తప్పితే అది వ్యాఖ్యానం, మాట మింగితే మార్మికత, పరాకుగా పాడితే వైరాగ్యం! నచ్చలేదన్నవాడిని అజ్ఞాని అంటారు. వీరికి నా సమాధానం వేరే ఎవరో కాదు, డిలనే. 2004లో వెలువడిన స్వీయచరిత్ర 'క్రానికల్స్'లో, 1987 ప్రాంతాన తన పాటలు తనకే పరాయివై పోయాయనీ, వాటిలోకి ప్రవేశించే దారి తెలియక వేదిక విడిచిపెడదామనుకున్నాననీ దాపరికం లేకుండా వ్రాసుకున్నాడు. ఆ రోజుల్లోనూ మెట్ల మీద నిలబడి అద్భుతం అన్నవారు ఉండే ఉంటారు. గాయకుడు మునిగిపోతుండగా ఒడ్డున చప్పట్లు కొట్టడం ప్రేమ ఎలా అవుతుంది? న్యూపోర్ట్ రాత్రి మండిపడిన పీట్ సీగర్, మాటలు వినబడకుండా చేసిన ధ్వని మీదనే తన కోపమని తరువాత చెప్పుకున్నాడు. అదీ విమర్శ అంటే. దేని మీద కోపమో తెలిసిన కోపం.

శ్రోతకు హక్కులే లేవా? ఉన్నాయి. మాట వినబడాలని అడిగే హక్కు ఉన్నది. గాయకుడు మనసుపెట్టి పాడాలని అడిగే హక్కు ఉన్నది. ఏమి వినబోతున్నామో ముందుగా తెలుసుకునే హక్కు ఉన్నది. 2021లో మొదలైన యాత్రకు డిలన్ తన 2020 నాటి ఆల్బం 'రఫ్ అండ్ రౌడీ వేస్' పేరే పెట్టాడు, కచేరీలో చాలా భాగం ఆ పాటలే పాడాడు. గోడ మీద వ్రాసి పెట్టినది చదవక, 1963 నాటి పాట రాలేదని అలగడం ఎవరి తప్పు? సభలోకి వచ్చేవారి ఫోన్లను సంచుల్లో పెట్టి తాళం వేయించడం కూడా కొందరికి అవమానంగా తోచింది. నాకు మాత్రం అందులో ఒక విన్నపం వినబడింది: ఈ రాత్రినైనా దాచుకోవద్దు, వినండి.

ఒక్క హక్కు మాత్రం శ్రోతకు లేదు. తన యౌవనాన్ని గాయకుడి గొంతులోంచి తిరిగి రాబట్టుకునే హక్కు. పందొమ్మిదేళ్ళప్పుడు వసతిగృహం గదిలో విన్న పాట ఆ గదితో సహా తిరిగిరావాలని మనం టిక్కెట్టు కొంటాం. అది రాదు. రానందుకు ఎనభై దాటిన మనిషిని తిడతాం. ఆయన మోసం చేయలేదు. కాలం చేసినదానికి ఆయన ముఖం దొరికింది, అంతే.

విభేదించేవారు కారణంతో విభేదిస్తే సంతోషిస్తాను. ఇంతకూ ఆ తిరునాళ్ళ నటుడు మరి రెండేళ్ళకు పోయాడు. ఆయన పద్యాన్ని ఎవరూ టేపు మీద పట్టలేదు. ఉన్న ఒక్క ప్రతి ఆనాటి శ్రోతల చెవుల్లోనే ఉండాలి. నా చెవుల్లో ఉన్నది మా ఈల.