ఆ ఫోటోల కింద పేర్లు ఎవరు రాస్తారు?

వార్షికోత్సవం గ్రూపు ఫోటో కింద ఒక పేరు తప్పు పడితే చాలు, ఆ తమ్ముడు వారం రోజులు మనతో మాట్లాడడు. మన ముందు తరాల ఫోటోలకు ఆ భాగ్యం లేదు.

1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే దొర మన దేశపు బట్టల నమూనాలు 700 ముక్కలు సేకరించి 18 సంపుటాల్లో అంటించాడు. ఆ దొరే మరొకరితో కలిసి 1868-75 మధ్య మన మనుషుల ఫోటోలను 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాలుగా తెచ్చాడు. మనిషి కూడా గుడ్డపీలికే అయ్యాడన్నమాట! తరువాత మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ ముక్కులు కొలిచి, ఫోటోలు తీయించి, 1909లో 7 సంపుటాలు అచ్చు వేశాడు. మాల, మాదిగ, యానాది, ఎరుకల అందరి గురించీ రాశాడు. కానీ చాలా ఫోటోల కింద కులం పేరే తప్ప మనిషి పేరు లేదు.

కులం రాయడమే తప్పని మేమనడం లేదు. మన అడ్మిషన్ ఫారంలోనూ ఫోటో ఉంది, కులం గడి ఉంది. ఆ గడి వల్లే మనకు ఇక్కడ అన్నం, పుస్తకాలు. అయితే అందులో మన పేరుకూ ఒక గడి ఉంది.

బెంగుళూరు కళాకారిణి పుష్పమాల 2000-04 మధ్య అలాంటి పాత ఫోటోల వేషాలు తానే వేసి, ఆ కొలతల చూపును ఎగతాళి చేశారు. హైదరాబాదులో పుట్టిన లావణ్య మణి దొరల కాలపు కథలను కలంకారీ పద్ధతిలో గుడ్డ మీద తిరగరాస్తున్నారు. మరి కలంకారీకి పుట్టిల్లయిన మన శ్రీకాళహస్తి ఈ పని ఎందుకు చేయకూడదు?

ఫోటో క్షణంలో అయిపోతుంది. కలంకారీ అలా కాదు. కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డను నానబెట్టి ఆరవేయాలి. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన కసిమితో గీతలు గీయాలి. పటిక పెట్టాలి, రంగు రంగుకీ ఉతకాలి. ఆ ముఖంతో రోజుల తరబడి గడపాలి. పైగా బొమ్మ కింద తెలుగులో కథ రాసే పట్టీ కాళహస్తి గుడ్డలకు పాత అలవాటే. మాకు కావలసింది ఆ పట్టీ!

దేవుళ్ల కథలకే కలంకారీ అంటారు కొందరు. క్రీస్తు కథ వేసిన కలానికి యానాది అవ్వ బరువా? అయితే ఆ అవ్వ ముఖం సంచుల మీద అలంకారమై అమ్ముడుపోకూడదు. వాళ్ల వాళ్లను అడిగే వేయాలి. పేరు దొరక్కపోతే 'ఈమె పేరు రాసుకోలేదు' అని ఆ పట్టీలోనే రాయాలి.

కాళహస్తి వైపు అన్నలు కలం పట్టేవారిని కదిలించండి. తమ్ముళ్లూ, సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ అవ్వాతాతల పేర్లు, వాళ్ల అవ్వల పేర్లు అడిగి రాసుకు రండి.