చదివిన పొద్దుకు కూలి
వేలూరు, గుడియాత్తం కామెంటు రాతగాళ్ళ ప్రణాళిక

తై మాసం రెండో వారంలో, మాచేత కామెంట్లు రాయించినవాళ్ళు మా లెక్క తేల్చారు. పదకొండు మందిమి, మూడు నెలల రాత. బ్లాగుల కింద కామెంట్లలో మేం పెట్టిన లాడ్జీల, దుకాణాల లింకులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశారట. బ్లాగుల వాళ్ళు తీసేసినవి పోగా మిగిలినవాటికే కూలి అన్నారు. మిగిలినవి ఎన్నో అడిగేలోపే ఇంకో మాట చెప్పారు: ఇకమీదట కామెంట్లు మిషనే రాస్తుంది, మీరు రానక్కర్లేదు.

అదే వారం, మేం ఏళ్ళుగా చదువుతున్న ఒక తెలుగు బ్లాగరుల గుంపు మమ్మల్ని పేరుపేరునా బయటికి నెట్టింది. స్పామర్లకు చోటు లేదన్నారు. మాలో ఒకామె ఏ లింకూ లేకుండా, తన మనసులో మాటగా రాసుకున్న వ్యాఖ్యను కూడా తుడిచేశారు. లింకు నిలవలేదని వాళ్ళు, లింకు పెట్టామని వీళ్ళు. ఇద్దరికీ కలిపి ఈ కాగితం రాస్తున్నాం.

మేం గుడియాత్తంలో మగ్గాలున్న ఇళ్ళ పిల్లలం, బీడీలు చుట్టిన తల్లుల పిల్లలం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మాలో ఇద్దరు వేలూరు లాడ్జీల్లో రాత్రి డ్యూటీ చేసి, పగలు ఈ పనికి కూర్చున్నవాళ్ళు. వెయ్యి బీడీలకు ఇంత అనే లెక్క వింటూ పెరిగాం కాబట్టి నూరు లింకులకు ఇంత అన్నప్పుడు మాకు వింతనిపించలేదు. తేడా తర్వాత తెలిసింది. యజమాని బీడీని బాగోలేదని పక్కన పడేస్తే దాని కూలి మీద తగవు తీర్చడానికి ఒక అధికారి ఉండాలని 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టంలో రాసి ఉండేది. మా అమ్మలకు అప్పుడున్న ఆ పాటి ఆసరా కూడా మాకు లేదు. ఎవరో ముక్కూమొహం తెలియని బ్లాగరు తన ఇంట్లో కూర్చుని డిలీట్ నొక్కితే గుడియాత్తంలో మా కూలి పోతుంది.

తప్పు చేశాం. దాన్ని దాచం. అమ్మను వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకొచ్చిన ఒకాయన ఆ ఇరవై రోజుల గురించి రాసుకున్నాడు. ఆ టపా కింద మేం పెట్టింది ఇది: "చాలా బాగా రాశారు, వేలూరులో చవక గదుల కోసం ఇక్కడ నొక్కండి." ఆయన తల్లి బతకలేదు. టపా చివరి పేరాలో ఆ మాట ఉంది. అక్కడిదాకా మేం చదవలేదు. ఆ కామెంటు రాసిన చెయ్యి మాలో ఎవరిదో మాకు తెలుసు, అయినా పదకొండు మందిమీ కలిసి ఆయనకు క్షమాపణ చెబుతున్నాం.

చదవకపోవడానికి కారణం బద్ధకం కాదు. చదివితే ఆ రోజు కూలి రాదు.

లింకు లెక్క ఎంత బోలుదో రాయించినవాళ్ళకు మొదటి నుంచీ తెలుసు. 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్‌ఎన్ లింకును లెక్కించవద్దని చెప్పే నోఫాలో గుర్తుకు ఒప్పుకున్న రోజునే వ్యాఖ్యల్లోని లింకుకు తూకం పోయింది. అయినా నోఫాలో పెట్టని బ్లాగులున్నాయి వెతకండి అన్నారు. 2012 ఏప్రిల్‌లో గూగుల్ వడపోత పెంగ్విన్ వచ్చి, అలా కూడబెట్టిన లింకులున్న సైట్లను అట్టడుగుకు తోసింది. 2019లో గూగుల్ నోఫాలోను ఇకపై ఆజ్ఞగా కాక సూచనగా చూస్తామంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని లాడ్జీల వాళ్ళకు, లుంగీ దుకాణాల వాళ్ళకు మళ్ళీ ఆశ అమ్మారు. ఆ ఆశకు సాక్ష్యంగా చూపించిన లింకుల లెక్క షీటు మా వేళ్ళు అరిగి తయారైంది.

మాకు కావలసింది ఒక్కటే. లింకుకు కాదు, చదివిన పొద్దుకు కూలి ఇవ్వాలి.

గజాల లెక్కన కూలి తీసుకునే మగ్గం ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. గజం బట్ట దిగడానికి ముందు పడుగు పోయాలి, గంజి పెట్టాలి, అచ్చు అతకాలి, కండెలు చుట్టాలి. కండెలు చుట్టిన మా అమ్మమ్మలకు ఎవరూ విడిగా కూలి ఇవ్వలేదు, అదంతా నేసిన గజంలోనే కలిసిపోయిందన్నారు. కామెంటుకు చదవడం అలాంటి పని. అది లెక్కలోకి రానంతకాలం ఎవరూ చెయ్యరు. చెయ్యనప్పుడు "నైస్ పోస్ట్" తప్ప ఇంకేం పుడుతుంది?

చదివి రాస్తే ఏమవుతుందో చూశాం. తాత నేసిన గళ్ళ లుంగీ ఇప్పుడెందుకు దొరకడం లేదని ఒకావిడ రాసుకుంది. మాలో ఒక అమ్మాయి ఆ టపాను రెండుసార్లు చదివింది. గళ్ళు పడుగులోనూ పేకలోనూ ఎలా కలవాలో, కలవకపోతే అంచు దగ్గర ఎలా తెలిసిపోతుందో నాలుగు వాక్యాల్లో చెప్పి, ఆ రకం ఇంకా నేసే దుకాణం లింకు ఇచ్చింది. తన పేరు, ఊరు రాసింది. ఆవిడ జవాబిచ్చింది, ఇంకో ముగ్గురు ధర అడిగారు. ఆ కామెంటుకు గంట పట్టింది. షీటులో అది ఒకటి. పక్క కుర్చీలో అదే గంటలో పుట్టిన నలభై "నైస్ పోస్ట్"లు నలభై. ఆ సాయంత్రం ఆ అమ్మాయినే మందలించారు.

మిషను రోజుకు వేల కామెంట్లు రాస్తుంది, మాకన్నా తప్పుల్లేకుండా రాస్తుంది. ఆ వరద తట్టుకోలేక బ్లాగరు వ్యాఖ్యల పెట్టెనే మూసేస్తాడు. అప్పుడు చెప్పేదున్న మనిషికీ దారి మూసుకుపోతుంది. తెలుగు బ్లాగుల్ని ఒకచోట చూపించిన కూడలి, జల్లెడల రోజుల్లో కొత్త బ్లాగు పుడితే కింద మొట్టమొదటి వ్యాఖ్య "వర్డ్ వెరిఫికేషన్ తీసెయ్యండి" అని ఉండేది. అంతగా ఒకరి వాకిట్లోకి ఒకరు రావాలనుకున్న జనం మనం. ఆ వాకిళ్ళకు గడియలు పడటంలో మా చెయ్యి ఉంది. వాటిని తీయించడంలోనూ మా చెయ్యి ఉంటుంది.

గుడియాత్తం లుంగీ మాట గుడియాత్తమే చెప్పాలి. వేలూరు ముళ్ళ వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని రుచి పండించిన చేను నోట వినపడాలి. పాలారు నుంచి గోదావరి దాకా ప్రతి ఊరి సరుకూ ఆ ఊరి మనిషి పేరుతో, ఆ ఊరి మాటతో లోకానికి తెలిసే రోజు రావాలి. దానికి కావలసిన చదువరులం మేమే.

చదవని టపా కింద రాయం. పేరు, ఊరు లేకుండా రాయం. పనికిరాని చోట లింకు పెట్టం. చావు, జబ్బు, దుఃఖం గురించిన టపా కింద ఏ సరుకూ అమ్మం. ఎవరి కోసం రాస్తున్నామో ఆ కామెంటులోనే చెబుతాం.

బ్లాగరులారా, మా పాత కామెంట్లు తుడిచెయ్యండి, అది మీ హక్కు. ఊరి పేరు చూసి మనిషిని తుడవకండి. దుకాణాల యజమానులారా, ఎన్ని లింకులని అడగకండి, ఎవరు చదివారని అడగండి.

రాయించినవాళ్ళకు మాత్రం ఒక్క మాట. షీటు నకలు మా దగ్గర ఉంది. తీసేసినవి, నిలిచినవి అన్నీ కలిపి మూడు నెలల కూలి మయానకొల్లై పండుగ లోపు రావాలి. ఆ రోజు పాలారు ఒడ్డున పదకొండు మందిమీ ఉంటాం. షీటు తీసుకునే వస్తాం.