పళ్ళ డాక్టరు దగ్గరకు మళ్ళీ వెళ్ళాలంటే



ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళాలన్నా మనకు కొంత జంకు ఉంటుంది. అయితే పళ్ళ డాక్టరు విషయములో జంకుతోపాటు సిగ్గు కూడా కలుస్తుంది. జ్వరము వచ్చినవాడు సిగ్గుపడడు. కాలు విరిగినవాడు సిగ్గుపడడు సరిగదా, కట్టు చూపించి మరీ కథ చెబుతాడు. పన్ను పుచ్చినవాడు మాత్రము నోరు మూసుకొంటాడు. ఇక ఒకసారి వెళ్ళి, బాధపడి, సగములో మానుకొన్నవారి సంగతి చెప్పనక్కరలేదు. “వారము తరువాత రమ్మన్నారండి, వెళ్ళలేదు. ఏడేండ్లు అయిపోయినది. ఇప్పుడు ఏ ముఖము పెట్టుకొని వెళ్ళను?” అంటారు. అటువంటి వారి కొరకే ఈ నెల ఈ మాటలు వ్రాయుచున్నాము.

మొదట భయము సంగతి చూద్దాము. భయము ఊరకే పుట్టలేదు. మన తాతల నాటికి పల్లెలలో పన్ను తీయుట అంటే మత్తు లేకుండా పట్టకారుతో లాగుటే. సంతలో కూర్చోబెట్టి పళ్ళు పీకేవారిని చూచిన ముసలివారు ఇంకా ఉన్నారు. మన దేశములో మొదటి దంత వైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ గారు కలకత్తాలో 1920లో స్థాపించారు. ఈనాడు పంటికి వేసే మత్తు మందు లిగ్నోకెయిన్‌ను స్వీడన్ దేశములో 1943లో తయారు చేసినారు; 1948 నుండి అది అమ్మకానికి వచ్చినది. మన పల్లెలకు చేరుటకు ఇంకెన్ని సంవత్సరములు పట్టి ఉండునో ఊహించుకొనవచ్చును. ఆ పాత కేకలే కథలుగా మన ఇండ్లలో మిగిలిపోయినవి. వాటికి తోడు మనము చేసే పని ఒకటున్నది. పిల్లవాడు అన్నము తినకపోతే “డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి సూది వేయిస్తా, పళ్ళు పీకిస్తా” అని బెదిరిస్తాము. తరువాత నిజముగా పన్ను చూపించవలసి వచ్చినప్పుడు వాడు మంచము క్రింద దూరితే తప్పు ఎవరిది?

అయితే “మత్తు సూది వేసినా నాకు నొప్పి తెలిసినది, అబద్ధము చెప్పుట లేదు” అనేవారున్నారు. వారు చెప్పేది నిజమే. దీనికి కారణము తెలిసికొంటే సగము భయము పోతుంది. చీము పట్టి దవడ వాచిన చోట కండలో ఆమ్లము ఎక్కువగా ఉంటుంది. అటువంటి చోట మత్తు మందు సరిగా పని చేయదు. మనమేమో పన్ను కొంచెము జివ్వుమన్నప్పుడు లవంగ నూనె రాస్తాము. పోటు వచ్చినప్పుడు మెడికల్ షాపులో బిళ్ళ కొంటాము. దవడ వాచి, రెండు రాత్రులు నిద్ర లేక, ఇక భరించలేము అన్నప్పుడు బస్సు ఎక్కుతాము. అంటే మత్తు అతి తక్కువగా పట్టే రోజునే ఏరికోరి వెళ్ళుచున్నాము! ఆనాటి నొప్పి గుర్తుండిపోయి మరుసటిసారి ఇంకా ఆలస్యము చేస్తాము. భయపడి ఆలస్యము చేసిన కొద్దీ నొప్పి, నొప్పి కలిగిన కొద్దీ భయము. గానుగెద్దు తిరిగినట్లు ఇందులోనే తిరుగుచున్నాము. వాపు లేని రోజున, పోటు లేని రోజున వెళ్ళినవానికి అదే సూది చక్కగా పని చేస్తుంది. కనుక నొప్పి లేదు గదా అని ఆగవద్దు. నొప్పి లేని రోజే వెళ్ళవలసిన రోజు.

మేమెరిగిన ఒక సహోదరి సంగతి ఆమె అనుమతి తీసుకొనియే ఇక్కడ వ్రాస్తున్నాము. ఆమెకు పదేండ్ల వయస్సులో క్రింది దవడ పన్ను వాచినది. పట్టణములో ఒక చోట ఇద్దరు చేతులు పట్టుకొనగా, సూది వేసి మత్తు ఎక్కకముందే, పన్ను తీసినారు. ఆ తరువాత 22 సంవత్సరములు ఆమె ఏ పళ్ళ డాక్టరు గుమ్మము ఎక్కలేదు. ఒక ప్రక్కనే నమలుట అలవాటు చేసికొన్నది. తమ్ముని పెండ్లి ఫోటోలన్నిటిలోను పెదవులు బిగించుకొనే ఉన్నది. సంఘములో చక్కని గొంతు ఆమెది. పాడునప్పుడు మాత్రము కొంగు నోటికి అడ్డము. మేము అది ఆమె వినయమనుకొన్నాము. భర్త చెప్పినా వినలేదు, అత్తగారు చెప్పినా వినలేదు. చివరకు ఎనిమిదేండ్ల కూతురు నవ్వునప్పుడు చేయి అడ్డము పెట్టుకొనుట ఆమె కంట పడినది. ఆ పాపకు పళ్ళన్నీ ముత్యాల్లాగున్నవి. అమ్మను చూచి నేర్చుకొన్నది, అంతే.

ఆ వారములోనే ఆమె బస్సు ఎక్కినది. డాక్టరమ్మ గదిలోనికి వెళ్ళగానే కుర్చీలో కూర్చొనకుండా నిలబడియే, “అమ్మా, నాకు చాలా భయము. నోరు చూపించాలంటే సిగ్గు. మీరు కోప్పడితే నేను వెళ్ళిపోతాను” అని చెప్పేసినదట. ఆ డాక్టరమ్మ, “కూర్చోండమ్మా, ఇవాళ అద్దము ఒక్కటే పెట్టి చూస్తాను, ఇంకేమీ పెట్టను” అన్నారట. అన్నట్లే చేసినారు. రెండవసారి ఆమె ఏడ్చినది. రెండు పర్యాయములు చేయి ఎత్తితే రెండు పర్యాయములు ఆపినారు. మొత్తము అయిదుసార్లు తిరిగినది. రెండు పళ్ళు తీయవలసి వచ్చినది, మూడింటిని సిమెంటుతో నింపినారు, గార తీసినారు. తీసిన రెండింటిలో ఒకటి కొన్నేండ్ల ముందు వచ్చి ఉంటే నిలిచేదని ఆమెకు చెప్పినారు. ఆ మాట ఆమెను బాధపెట్టినది. మేము దానిని దాచి, అంతా శుభమే అని వ్రాయదలచుకోలేదు.

ఆమె గుమ్మములో చెప్పిన ఆ మూడు ముక్కలే మా దృష్టిలో అన్నిటికంటె పెద్ద సంగతి. డాక్టరు మన మనస్సు చదువలేరు. భయమున్నదని చెబితే ముందుగా చిగురుకు మొద్దుబారే జెల్ రాసి తరువాత సూది వేయవచ్చును, నెమ్మదిగా వేయవచ్చును, మత్తు ఎక్కినదో లేదో తట్టి చూచి మొదలు పెట్టవచ్చును. నొప్పి కలిగితే ఎడమ చేయి ఎత్తుతానని ముందే మాట్లాడుకొనవచ్చును. మొదటి రోజు చూపించుటకు మాత్రమే వచ్చినానని చెప్పుట తప్పు కాదు. ఇంకొక సంగతి. మత్తు మందులో సాధారణముగా కలిసి ఉండే అడ్రినలిన్ వలన కొందరికి కొద్ది నిమిషములు గుండె దడదడలాడుతుంది. అది తెలియనివారు ప్రాణము పోతున్నదనుకొంటారు. మత్తు ఎక్కిన తరువాత కూడా లాగుట, నొక్కుట తెలుస్తుంది. కోసినట్లుండే నొప్పి మాత్రము తెలియకూడదు. తెలిస్తే చేయి ఎత్తండి, ఇంకొంచెము మందు వేస్తారు.

ఇక సిగ్గు సంగతి. డాక్టరు నోటిని చూచి ఏమనుకొంటారో అని మన బాధ. వారు ఉదయము నుండి సాయంత్రము వరకు పుచ్చు పళ్ళనే చూస్తారు. చెప్పులు కుట్టేవాని దగ్గరకు తెగిన చెప్పే గదా వెళ్ళేది! అయినా కోప్పడేవారు లేరని మేము అనము. “ఇన్నాళ్ళు ఏమి చేశావు?” అని కసిరేవారు ఉన్నారు. అటువంటివారు ఎదురైతే వేరొక డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఇంటికి తిరిగి వచ్చి కూర్చోవద్దు.

పైగా అన్ని మరకలు అశ్రద్ధ వలన వచ్చినవి కావు. నల్గొండ ప్రాంతములోను, కనిగిరి, దర్శి ప్రాంతములలోను పళ్ళు గోధుమరంగుకు తిరిగినవారు వేలమంది ఉన్నారు. చిన్నతనములో పళ్ళు చిగురు లోపల తయారగుచున్నప్పుడు త్రాగిన బోరు నీటిలోని ఫ్లోరైడు వలన వచ్చిన మరక అది. మన దేశములో ఈ జబ్బును గూర్చి మొదట వ్రాసినది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములను చూచియే. కచ్చికతోను, ఇటుక పొడితోను ఎంత రుద్దినా అది పోదు; పింగాణీవంటి పై పొర అరిగి పన్ను జివ్వుమనుట మొదలౌతుంది. ఆ పిల్ల పళ్ళు తోముకోదు అని పెండ్లిచూపులలో అన్నవారిని మేము విన్నాము. ఆ మాట అన్నవారికే సిగ్గు ఉండవలెను.

శ్రీకాకుళము, విశాఖ జిల్లాల తీరమున అడ్డపొగ త్రాగే తల్లులున్నారు. చుట్ట వెలిగించిన కొన నోటిలో పెట్టుకొను అలవాటు అది. వారిలో చాలామంది నోరు చూపించుటకు సిగ్గుపడతారు. అమ్మా, మీకు ముఖ్యముగా చెబుతున్నాము. అంగిటిలో తెల్లమచ్చగాని, రెండు వారములైనా మానని పుండుగాని ఉంటే, నొప్పి లేకపోయినా, వెంటనే చూపించుకోండి. క్యాన్సరు మొదట్లో నొప్పి పుట్టించకపోవచ్చును. తొందరగా చూచినవారికి వైద్యమున్నది. గుట్కా, ఖైనీ నమిలే తమ్ముళ్ళకు కూడా ఇదే మాట.

పై పన్ను తీయిస్తే కండ్లు పోతాయనే మాట ఇంకా మన ఊళ్ళలో నడుస్తూనే ఉన్నది. పంటి నరము వేరు, చూపు నరము వేరు. పన్ను తీసినందువలన చూపు పోదు. నిజానికి పై పంటిలోని చీమును అలాగే వదలివేస్తేనే అరుదుగా అది కంటి వైపు ప్రాకవచ్చును. గార తీయిస్తే పళ్ళు కదులుతాయనేది ఇంకొకటి. ఏండ్ల తరబడి పేరుకొన్న గార చిగురును, దాని క్రింది ఎముకను కరిగించినది. వదులైన పన్ను ఆ గార కట్టుతో నిలిచినట్లు కనబడుచున్నది. గార తీసినప్పుడు ఆ వదులు బయటపడుతుంది, అంతే. షుగరు ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు వలన షుగరు అదుపు తప్పుతుంది. రెండింటికీ చుట్టరికము ఉన్నది.

“అయ్యగారూ, పంటి పోటు తగ్గేటట్లు ప్రార్థన చేయండి” అని వచ్చేవారున్నారు. ప్రార్థన చేస్తాము. చేసి, బస్సు ఎన్ని గంటలకో కూడా చెబుతాము. దవడ క్రింద, మెడ మీద వాపు దిగి, నోరు తెరువలేక, మ్రింగలేక, ఊపిరి కష్టమైతే మాత్రము తెల్లవారేవరకు ఆగవద్దు. అది ప్రాణము మీదికి వచ్చే సంగతి. ఆ రాత్రికే పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

వెళ్ళే రోజున మత్తు సూదికి భయపడి ఖాళీ కడుపుతో వెళ్ళకండి, కళ్ళు తిరుగుతాయి. టిఫిను తిని, ఇంటి నుండి ఒకరిని తోడు తీసుకొని, ఉదయమే వెళ్ళితే రోజంతా బెంగపడనక్కరలేదు. వాడుచున్న మందుల చీటీలు వెంట తీసుకెళ్ళండి. షుగరు, రక్తపోటు, గుండె కవాటాల జబ్బు, రక్తము పలుచబడే బిళ్ళలు, గర్భము, ఏ మందైనా పడకపోవుట, ఇవన్నీ అడగకముందే చెప్పండి. ఆ బిళ్ళలు మాత్రము మీ అంతట మీరు మానవద్దు. డబ్బు కొరత ఉన్నవారికి జిల్లా ఆసుపత్రులలోను, చాలా ఏరియా ఆసుపత్రులలోను దంత విభాగమున్నది. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నవి. అక్కడ విద్యార్థులు అధ్యాపకుల కనుసన్నలలో చేస్తారు. ఆలస్యము కావచ్చును, ఖర్చు మాత్రము తక్కువ. సంతలో ఒక్క పూటలో పళ్ళు కట్టిస్తామనేవారి జోలికి పోవద్దు. ప్రక్కనున్న మంచి పళ్ళకు అతికించి, వాటిని కూడా పాడుచేస్తారు.

ఇంటివారికి ఒక మాట. తిరిగి వచ్చినవారిని చూచి “ఇప్పటికి తీరిందా?” అని నవ్వకండి. ఎంత ఖర్చయినదని గుమ్మములోనే అడగకండి. పన్ను తీసిన చోట పెట్టిన దూదిని అరగంట పైన కొరికి పట్టుకొననివ్వండి. ఆ రోజంతా ఉమ్మివేయుట, పుక్కిలించుట, వేడి టీ, చుట్ట వద్దు. చల్లని మజ్జిగ అన్నము పెట్టండి. పెదవి, నాలుక రెండు మూడు గంటలు మొద్దుగా ఉంటాయి. చిన్నపిల్లలైతే తెలియక పెదవి కొరుక్కొంటారు, కనిపెట్టి ఉండండి. మరుసటి తేదీ వ్రాసిన చీటీని మాత్రము పెట్టెలో పెట్టకుండా క్యాలెండరు మేకుకు తగిలించండి.