దరువు కట్టిన చేతికీ ఒక దండ

గత డిసెంబరు 15న రాత్రి మేము మా వసతి గృహంలో సంగీత దర్శకుడు చక్రి వర్ధంతి జరిపాము. వార్డెన్ గారి అనుమతితో ఆ ఒక్కరోజు స్టడీ అవర్ మానుకొని, వరండాలో బెంచీలు కలిపి వేదిక చేశాము. పటానికి బంతిపూల దండ వేశాము. అద్దెకు తెచ్చిన ఒక స్పీకరు, ఒక మైకు. పాడగలిగినవాళ్ళం పాడాము, పాడలేనివాళ్ళం చప్పట్లు కొట్టాము. వంట మాస్టరు, వాచ్‌మన్, కామాటి కూడా చివరిదాకా కూర్చున్నారు.

మరునాటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. "చదువుకునే పిల్లలకు సినిమా సంగీతం వాడి వర్ధంతి ఎందుకు?" అని కొందరు పెద్దలు అడిగారు. "పోనీ ఆయనేమైనా తెర మీద కనిపించిన హీరోనా?" అని మా మిత్రులే కొందరు అన్నారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పడం మా బాధ్యత. దానితో పాటు ఆ రాత్రి మేము చేసిన ఒక తప్పు కూడా చెప్పుకోవాలి.

మొదటి ప్రశ్న. సెప్టెంబరు 28న గుర్రం జాషువా జయంతి చేశాము. డిసెంబరు 6న బాబాసాహెబ్ అంబేడ్కర్ వర్ధంతి చేశాము. చక్రి పటానికి వేసిన దండ వల్ల ఆ మహనీయులకు ఏ లోటూ రాదు. ఏటా ఫిబ్రవరి 11న ఎన్నో ఊళ్ళలో ఘంటసాల వర్ధంతి చేస్తారు. ఆయనా సినిమా సంగీతం వారే కదా! అక్కడ ఎవరూ ఈ ప్రశ్న అడగరు. పాత పాట అయితే సంస్కారం, మా ఆటోల్లో మోగిన పాట అయితే కాలక్షేపం అనడం న్యాయం కాదు.

చక్రి 1974 జూన్ 15న ఓరుగల్లు ప్రాంతంలోని కంబాలపల్లిలో పుట్టాడు. ఇప్పుడు అది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 2000లో 'బాచి'తో సంగీత దర్శకుడయ్యాడు. 'ఇట్లు శ్రావణి సుబ్రహ్మణ్యం', 'ఇడియట్', 'సత్యం', 'దేశముదురు' లాంటి చిత్రాలకు పాటలు కట్టాడు. 'సింహా'కు నంది బహుమతి అందుకున్నాడు. 2014 డిసెంబరు 15న, నలభై ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. అప్పటికి మాలో చాలామందిమి బడిలో చేరలేదు. ఆయన మంచి పాటలు కొన్ని మేము పుట్టకముందువి. అయినా పత్తి తీతకు అమ్మావాళ్ళు వెళ్ళే ఆటోలో, చవితి పందిరిలో, పెళ్ళి ఊరేగింపులో అవి మోగుతూనే ఉన్నాయి. పల్లె నుంచి వెళ్ళిన ఒక కుర్రవాడు రాష్ట్రమంతా పాడుకునే పాట కట్టాడంటే, అది మాకు పాఠం కాకపోతే మరేది పాఠం?

రెండవ ప్రశ్న ఇంకా పెద్దది. పాట వినగానే మనకు హీరో గుర్తొస్తాడు, తరువాత గాయకుడు, గాయని. ఆ పాటకు దరువు కట్టినవాడు, ఏ వాయిద్యం ఎక్కడ మోగాలో నిర్ణయించినవాడు గుర్తురాడు. ఘంటసాల విషయంలోనూ ఇంతే. ఆయన గొంతును అందరూ తలుస్తారు. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'కి సంగీతం కూర్చింది ఆయనే అన్న సంగతి చెప్పేవారు తక్కువ.

ఈ విషయంలో అమెరికాలోని నల్లజాతి యువకుల నుంచి మనం నేర్చుకోదగినది ఉంది. వాళ్ళ హిప్‌హాప్ సంగీతం 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో, ఒక అపార్ట్‌మెంటు కింది గదిలో జరిగిన విందులో పుట్టిందని చెబుతారు. ఆ విందు పెట్టింది సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేనాటికి కొత్తబట్టలు కొనుక్కోవడానికి. ఆమె అన్న కూల్ హెర్క్ ఆ రాత్రి రికార్డులు వేశాడు. పాటలో డ్రమ్ము ఒక్కటే మోగే చిన్న ముక్కను, ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకొని, ఒకదాని వెనుక ఒకటి సాగదీసి మోగించాడు. కొత్త వాయిద్యాలు కొనకుండా, ఉన్న రికార్డుల నుంచే కొత్త దరువు తీశాడు. ఏటా యూనిఫాం బట్ట కోసం ఎదురుచూసే మాకు ఆ విందు ఎందుకు జరిగిందో వేరే చెప్పనక్కరలేదు.

మన సినిమాల్లో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే నిర్మాత. హిప్‌హాప్‌లో ప్రొడ్యూసర్ అంటే దరువు కట్టేవాడు. అలాంటివారిలో జె డిల్లా ఒకడు. అసలు పేరు జేమ్స్ యాన్సీ, ఊరు మోటారు కార్ల నగరమైన డెట్రాయిట్. చక్రి పుట్టిన 1974లోనే పుట్టాడు. అప్పటి యంత్రాల్లో దెబ్బ కాస్త అటూ ఇటూ పడితే సరిచేసి, గీత గీసినట్టు పేర్చే ఏర్పాటు ఉండేది. డిల్లా చాలాసార్లు దాన్ని వాడకుండా, తన చేతి నడక ఎలా పడితే అలాగే ఉంచాడు. ఆ చిన్న తడబాటులోనే మనిషి ఉన్నాడని తరువాతివాళ్ళు గ్రహించారు. జబ్బుతో ఆసుపత్రిలో ఉండి కూడా పనిచేశాడు. ఆయన ఆల్బం 'డోనట్స్' 2006 ఫిబ్రవరి 7న, ముప్పై రెండవ పుట్టినరోజున విడుదలైంది. మూడు రోజులకు మరణించాడు. ఆయన వాడిన దరువు యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లో నల్లజాతివారి చరిత్రకు కట్టిన జాతీయ మ్యూజియంలో ఉంది. ఫిబ్రవరి వస్తే ఎన్నో నగరాల్లో ఆయన పేరున సంగీత రాత్రులు జరుగుతాయి. తెర వెనుక మనిషికి దండ వేయడమంటే అదీ.

ఇదంతా ఆ రాత్రి మేము ఉపన్యాసంగా కూడా చెప్పాము. చెబుతూనే తప్పు చేశాము.

ముఖ్య అతిథికి స్వాగతం పలకడానికి మా పల్లె నుంచి ఒక డప్పు తాతను పిలిచాము. వంటింటి పక్కన నాలుగు తాటాకులు రాజేసి, డప్పు కాచుకొని, గేటు దగ్గర నిలబడి వాయించాడు. అతిథి లోపలికి వచ్చారు. మేము వేదిక వైపు పరుగెత్తాము. తాత గేటు దగ్గరే ఉండిపోయాడు. కార్యక్రమం అయ్యాక ఆరో తరగతి తమ్ముడొకడు "అన్నా, ఆ డప్పు తాత పేరేంటి?" అని అడిగాడు. మాలో ఒక్కరికీ తెలియదు. దరువు కట్టినవాడిని గుర్తుంచుకోవాలని గంటసేపు చెప్పినవాళ్ళం, గేటు దగ్గర దరువు వేసినవాడి పేరు అడగలేదు. ఫోటోల్లో కూడా ఆయన లేడు.

తరువాతి ఆదివారం మేము నలుగురం ఆయన ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాము. ఆయన నవ్వి, "దానికేముంది నాయనా, గేటు కాడ నిలబడ్డం మాకు కొత్తా?" అన్నాడు. ఆ మాట మమ్మల్ని తిట్టినదానికంటే ఎక్కువ బాధపెట్టింది. అప్పుడు డప్పు తీసి పెళ్ళికి ఒక దరువు, కొలుపుకు ఒక దరువు, చావుకు ఒక దరువు, చాటింపుకు ఒక దరువు వాయించి చూపాడు. కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల, రెండూ రెండు మాటలు మాట్లాడుతుంటే విన్నాము. ఈ దరువులు ఏ పుస్తకంలోనూ లేవు, ఆయన చేతుల్లో ఉన్నాయి.

డప్పు మన మెడకు తగిలించిన అవమానం, దాన్ని వదిలేయాలి అనే పెద్దలున్నారు. వారి మాటలో న్యాయముంది. మాలో కొందరం మా నాన్న డప్పు కొడతాడని క్లాసులో చెప్పడానికి సిగ్గుపడినవాళ్ళమే. కూలి ఇవ్వకుండా, కాదనే హక్కు లేకుండా కొట్టించడం వెట్టి. అది పోవలసిందే. కాని ఇష్టపడి, కూలి మాట్లాడుకొని, వేదిక మీద పేరు చెప్పించుకొని వాయించేది కళ. పోవలసింది వెట్టి, దరువు కాదు. ప్రభుత్వం డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది, 2024 జులై నుంచి అది నెలకు 4000 రూపాయలైంది. మంచిదే. కాని గౌరవం పింఛనుతో రాదు, అది ఊరు ఇవ్వాలి.

ఇందులో తొందర కూడా ఉంది. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగాక మా తుళ్లూరు చుట్టుపక్కల పొలం పనులు తగ్గాయి. పనితో పాటు పనిలో పాడుకునే పాటా తగ్గింది. చక్రి పాటలు రికార్డుల్లో ఉన్నాయి, రేపూ వినవచ్చు. తాత దరువు ఆయనతోనే పోతుంది.

కాబట్టి మిత్రులారా, మేము మూడు నిర్ణయాలు చేసుకున్నాము. ఇకమీదట మన సభల్లో డప్పు గేటు దగ్గర కాదు, వేదిక మీద మోగాలి. వాయించినవారికి ముందే మాట్లాడుకున్న కూలి ఇవ్వాలి, వారి పేరు అతిథి పేరుతో పాటే మైకులో చదవాలి. సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు మనలో ప్రతి ఒక్కరం మన పల్లెలోని డప్పు కళాకారుల పేర్లు, వారికి వచ్చిన దరువులు ఒక నోటుపుస్తకంలో రాసుకొని రావాలి. ఎవరి దగ్గరైనా ఫోను ఉంటే వారిని అడిగి రికార్డు చేయాలి.

ఈ సంచికలో తాత పేరు వేస్తామని అడిగాము. "నా ఒక్కడిదే వద్దు. మా జట్టు అందరివీ రాసిననాడు నాదీ రాయండి" అన్నాడు. అందుకే ఇక్కడ ఆయన పేరు లేదు. వచ్చే వార్షిక సంచికలో ఆ జట్టు మొత్తం పేర్లు ఉండాలి. ఉంటాయో లేదో మన చేతుల్లోనే ఉంది.