భుజం ఆపరేషనా? మత్తు డాక్టర్ని ముందురోజే అడగండి

తోటపల్లి గూడూరు మండల ప్రజలకు విన్నపం



మన మండలంలో భుజం నొప్పి లేని ఇల్లు తక్కువ. కోడూరు వైపు వల లాగే చేతులు, రొయ్యల గుంటల మీద మేత బస్తాలు మోసే జబ్బలు, కోతలప్పుడు వడ్ల మూటలెత్తే ఒళ్ళు. వానకు గుంట గట్టు మీద జారే మోటార్ సైకిళ్ళ సంగతి సరేసరి. చెయ్యి పైకి లేవకపోతే ముందు ఆర్‌ఎంపీ సూది, తర్వాత ఆకుకట్టు, ఆఖరికి నెల్లూరు. ఎముకల డాక్టరు ఆపరేషన్ అంటాడు. ఖర్చెంత, ఎన్నాళ్ళు మంచం, పనికి ఎప్పుడు పోవచ్చు, ఇవన్నీ అడుగుతాం. ఆ రాత్రి నొప్పి సంగతి ఏంది అని మాత్రం అడగం. ఈ కరపత్రం ఆ ఒక్క ప్రశ్న కోసం.

నేనూ అడగలేదు. నాలుగేళ్ళ కిందట బండి జారి కుడి భుజంలో నరం తెగింది. చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషనే, రెండు గంటల్లో అయిపోయింది. మత్తు దిగేసరికి సాయంత్రం ఆరు. ఆరున్నరకల్లా భుజంలో గునపం పెట్టి తిప్పుతున్నట్టు మొదలైంది. ఒక సూది వేశారు, వాంతి. ఇంకోటి వేశారు, మళ్ళీ వాంతి. వాంతి వచ్చిన ప్రతిసారీ భుజం అదిరేది. పడుకుంటే నొప్పి ఎక్కువ, కూర్చుంటే కాస్త నయం. తెల్లవార్లూ దిండ్లకు ఆనుకుని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పొద్దున రౌండ్స్‌కి వచ్చినాయన "ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

అంత నొప్పి పడనక్కర్లేదని రెండేళ్ళ తర్వాత మా బామ్మర్ది ఆపరేషన్‌కి ఇంకో ఆస్పత్రికి పోయినప్పుడు తెలిసింది. అదే భుజం, అదే ఆపరేషన్. సాయంత్రం నేను పోయేసరికి కూర్చుని ఎడం చేత్తో ఇడ్లీ తింటున్నాడు. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు మెడ పక్కన ఒక సూది వేశాడంట. దాన్నే నెర్వ్ బ్లాక్ అంటారు.

భుజానికి స్పర్శనిచ్చే నరాలు మెడలోంచి రెండు కండరాల నడుమగా దిగి చేతిలోకి పోతాయి. అల్ట్రాసౌండ్ మిషన్ అక్కడ ఆనిస్తే తెర మీద నల్ల పూసలు ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు కనపడతాయి. సూది మొనను తెర మీద చూసుకుంటూ ఆ పూసల పక్కకు చేర్చి బుపివకైన్, రోపివకైన్ లాంటి మందు కొన్ని మిల్లీలీటర్లు వదులుతారు. దాంతో నొప్పి కబురు మెదడుకు చేరదు. మామూలుగా 12 నుంచి 18 గంటలు పనిచేస్తుంది. ఇంకా ఎక్కువసేపు కావాలంటే సన్నటి గొట్టం అక్కడే ఉంచి రెండు మూడు రోజులు మందు ఎక్కించే పద్ధతీ ఉంది.

ఇదేం నిన్నమొన్నటి వింత కాదు. 1911లో జర్మనీలో కూలెన్‌కాంఫ్ అనే డాక్టరు చేతి నరాల బ్లాక్‌ను ముందు తన మీదే వేసుకుని చూశాడు. మెడ పక్కన కండరాల మధ్య ఇచ్చే ఈ పద్ధతిని 1970లో అమెరికాలో అలన్ విన్నీ వివరించాడు. మన ఆడవాళ్ళు కాన్పు ఆపరేషన్‌కి వెన్నులో సూది వేయించుకుని ఎన్నేళ్ళయింది! అదీ ఈ జాతిదే.

మరి ఈ సూదంటే జనానికి భయమెందుకు? నన్నడిగితే సగం తప్పు "నరం" అనే మాటది. రక్తం పారేదీ మనకు నరమే, కండను ఎముకకు కట్టేదీ నరమే, స్పర్శ మోసేదీ నరమే. నాకు తెగింది రెండో రకం, సూది వేసేది మూడో రకం దగ్గర. "నరానికి సూది" అని డాక్టరు హడావిడిగా అనేసరికి ఇంట్లోవాళ్ళకు "చెయ్యి పడిపోతుంది" అని వినపడుతుంది. చెయ్యి మొద్దుబారుతుంది, నిజం. మందు దిగితే తిరిగొస్తుంది. కొద్దిమందికి కొన్నాళ్ళు తిమ్మిరి ఉండొచ్చు. నరం శాశ్వతంగా దెబ్బతినడం చాలా అరుదు.

ఇబ్బందులు దాచడం నాకు ఇష్టం లేదు. బామ్మర్దికి ఆ సాయంత్రం కనురెప్ప వాలింది, గొంతు బొంగురుపోయింది. మా చెల్లెలు పక్షవాతమని వార్డంతా లేపింది. మందు పక్క నరాలకు పాకితే అలా అవుతుందని, దానంతటదే పోతుందని ముందే ఒక్క మాట చెప్పుంటే ఆ గోల ఉండేది కాదు. ఊపిరికి సాయం చేసే నరం కూడా అక్కడే ఉంది. అది మొద్దుబారితే ఆ వైపు ఊపిరి కొంత తగ్గుతుంది. గట్టి ఊపిరి ఉన్నవాళ్ళకు తెలియను కూడా తెలియదు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు, ముప్ఫయ్యేళ్ళుగా చుట్ట తాగి ఆయాసపడే పెద్దాయనకు మాత్రం కష్టమే. అలాంటివాళ్ళకు మందు తగ్గించి ఇవ్వొచ్చు, లేదా భుజం రెక్క దగ్గర వేరే నరానికి ఇవ్వొచ్చు. పొరపాటున మందు రక్తంలోకి పోతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పొచ్చు. అందుకే మానిటరూ, విరుగుడు మందూ ఉన్న ఆపరేషన్ థియేటర్లోనే వెయ్యాలి. మన ఊళ్ళో ఎవరన్నా నేనూ వేస్తానంటే దణ్ణం పెట్టి పంపెయ్యండి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. ఇడ్లీ తిన్న బామ్మర్ది రాత్రి మూడింటికి కేకలు పెట్టాడు. బ్లాక్ దిగింది. అది దిగేటప్పుడు నొప్పి ఒక్కసారిగా వస్తుంది. స్పర్శ తిరిగొస్తూ చీమలు పాకినట్టు అనిపించగానే, లేదా పడుకోబోయే ముందే, డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకోవాలి. ఎవరూ చెప్పలేదు. మాత్రలు చీటీ మీదే ఉన్నాయి, సంచిలోనే ఉన్నాయి. మొద్దుబారిన చెయ్యి స్టవ్ దగ్గరకు పోకూడదని, నిద్రలో జారి మొహం మీద పడకుండా మెడకు వేలాడే పట్టీలోనే ఉంచాలని కూడా చెప్పలేదు. సూది మంచిదే, చెప్పే నోరే కరువైంది.

కాబట్టి మేం కోరేది పెద్దదేం కాదు. ప్రభుత్వ పథకం కింద చేసినా, డబ్బు కట్టించుకుని చేసినా, భుజం ఆపరేషన్ చేసే ప్రతి ఆస్పత్రిలో మత్తు డాక్టరు ముందురోజే రోగిని చూడాలి, బ్లాక్ సంగతి తెలుగులో చెప్పాలి. డాక్టరే వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఇంటికి పంపే చీటీ మీద బ్లాక్ వేసిన టైము, మొదటి మాత్ర టైము పెద్ద అక్షరాల్లో రాయాలి. ఖరీదైంది మందు కాదు, అల్ట్రాసౌండ్ మిషనూ నేర్చిన చెయ్యీ. 1994 చట్టం కింద, ఆడపిల్లల్ని కడుపులోనే చంపకుండా, ఇలాంటి స్కానింగ్ మిషన్లను రిజిస్టర్ చేస్తారు. ఆ చట్టం ఉండాల్సిందే. థియేటర్లో మత్తు డాక్టరు వాడే మిషన్‌ను కూడా ఆ పద్ధతిలోనే త్వరగా రిజిస్టర్ చేసిపెట్టమని జిల్లా అధికారులను అడుగుతున్నాం. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తాం, సంతకం పెట్టండి.

ఈ కాగితం వెనక వైపు కావాలనే ఖాళీగా వదిలాం. మీ ఇంట్లో ఎవరికన్నా ఆపరేషన్ ఉంటే షుగరు, ఉబ్బసం, చుట్ట, రక్తం పలచబడే మాత్రలు, ఇంతకుముందు ఏ మందు పడలేదో అన్నీ అక్కడ రాసి, మడిచి జేబులో పెట్టుకుని పోండి. మత్తు డాక్టరు రాగానే తీసి చేతికివ్వండి.