ప్యూర్టో రికో: రాష్ట్రమా, స్వతంత్ర దేశమా, ఇప్పుడున్నట్లే ఉండాలా? కరెంటు, వైద్యం, ఓటు లెక్క ఇదీ

డాలస్‌లో ఉంటున్న మీ బంధువుకు అమెరికా పౌరసత్వం ఉందనుకోండి. ఆయన హైదరాబాద్ వచ్చి స్థిరపడినా అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. విదేశాల్లో ఉంటున్న పౌరులకు అక్కడి చట్టం ఆ వీలు ఇస్తుంది. అదే ఆయన అమెరికా జెండా ఎగిరే ప్యూర్టో రికోకు మకాం మారిస్తే ఆ ఓటు పోతుంది.

కరీబియన్ ప్రాంతంలోని ఈ దీవిలో 2020 జనాభా లెక్కల ప్రకారం సుమారు 32.8 లక్షల మంది ఉన్నారు. అక్కడ పుట్టినవాళ్లు పుట్టుకతోనే అమెరికా పౌరులు. అయినా పేదల వైద్యానికి వచ్చే నిధులు, ఆహార సాయం, వికలాంగుల భృతి అన్నిటికీ వాళ్ల లెక్క వేరు. అందుకే రాష్ట్రంగా చేరాలా, విడిపోవాలా, ఇలాగే ఉండాలా అనే చర్చ అక్కడ ఇంటి ఖర్చుల దాకా వస్తుంది. ఆసుపత్రి బిల్లులో ఎవరి వాటా ఎంత? కరెంటు పోతే ఎవరిని నిలదీయాలి? మూడు దారుల్లోనూ వీటికి జవాబులు వేర్వేరుగా ఉంటాయి.

ఇప్పుడున్న హోదా ఏంటి?

1898లో స్పెయిన్‌తో యుద్ధం గెలిచాక ఈ దీవి అమెరికా చేతికి వచ్చింది. 1917లో ప్రజలకు పౌరసత్వం ఇచ్చారు. 1952లో సొంత రాజ్యాంగం వచ్చింది. గవర్నర్‌ను, శాసనసభను ప్రజలే ఎన్నుకుంటారు.

కానీ చివరి మాట అమెరికా కాంగ్రెస్‌దే. ప్యూర్టో రికో అమెరికాకు చెందుతుంది గానీ అమెరికాలో పూర్తి భాగం కాదన్న వాదనకు 1901లో సుప్రీంకోర్టు పునాది వేసింది. అది ఇప్పటికీ కదల్లేదు.

మన కేంద్రపాలిత ప్రాంతం లాంటిదా అంటే, అంత కూడా కాదు. అండమాన్ నికోబార్ ఎంపీకి లోక్‌సభలో ఓటు ఉంది. ప్యూర్టో రికో నుంచి ప్రతినిధుల సభకు వెళ్లే ఒకే ఒక్క ప్రతినిధికి బిల్లులపై తుది ఓటు లేదు. సెనేట్‌లో అసలు ప్రాతినిధ్యమే లేదు.

ఓటు లేకపోతే సేవల్లో తేడా ఎలా వస్తుంది?

పేదలకు వైద్యం అందించే మెడికెయిడ్ పథకాన్ని చూడండి. రాష్ట్రాల్లో ఎంత ఖర్చయితే అందులో నిర్ణీత శాతాన్ని కేంద్రం భరిస్తుంది. పేద రాష్ట్రానికి ఆ శాతం 83 దాకా వెళ్లొచ్చు. ప్యూర్టో రికోకు మాత్రం ఏడాదికి ఇంతే అని గరిష్ఠ పరిమితి ఉంది. చట్టం ప్రకారం కేంద్రం వాటా 55 శాతం. ప్రస్తుతం 76 శాతం ఇస్తున్నారు, అది 2027 ఆర్థిక సంవత్సరం వరకే.

ఆహార సాయానిదీ ఇదే తీరు. రాష్ట్రాల్లో అర్హులు పెరిగితే నిధులూ పెరుగుతాయి. ప్యూర్టో రికోకు 1982 నుంచి ముందే నిర్ణయించిన మొత్తం ఇస్తున్నారు. తుపాను వచ్చి పేదలు పెరిగితే, అదనపు సాయం కోసం కాంగ్రెస్ వైపు చూడాలి.

పేద వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే ఎస్ఎస్ఐ భృతి అయితే అక్కడ లేనే లేదు. న్యూయార్క్‌లో ఈ భృతి తీసుకుంటున్న ఒక వికలాంగుడు ప్యూర్టో రికోకు మారాడు. అక్కడికి వెళ్లాక కూడా తీసుకున్న సుమారు 28,000 డాలర్లు తిరిగి కట్టమని ప్రభుత్వం దావా వేసింది. 2022లో సుప్రీంకోర్టు 8-1తో తీర్పునిస్తూ, దీవి వాసులకు ఈ భృతి ఇవ్వకపోవడం రాజ్యాంగ విరుద్ధం కాదంది. కోర్టు చూపిన కారణం పన్ను. ప్యూర్టో రికోలో సంపాదించే ఆదాయంపై అక్కడివారు సాధారణంగా ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టరు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు మాత్రం కడతారు.

మరి కరెంటు సంగతి?

2017 సెప్టెంబరులో మరియా హరికేన్ దీవి మొత్తాన్ని చీకట్లోకి నెట్టింది. చివరి ఇంటికి కరెంటు రావడానికి దాదాపు 11 నెలలు పట్టింది. మరణాలు 2,975 అని తర్వాత అధికారికంగా అంగీకరించారు. ఆ తర్వాతా కష్టాలు తీరలేదు. 2024 డిసెంబరు 31న, 2025 ఏప్రిల్ 16న దీవి దాదాపు మొత్తం మళ్లీ చీకట్లో ఉండిపోయింది.

దీనికి హోదానే కారణమా? పూర్తిగా కాదు. పాత ప్లాంట్లను పట్టించుకోకుండా, సుమారు 900 కోట్ల డాలర్ల అప్పు చేసి, 2017లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది స్థానిక ప్రభుత్వ విద్యుత్ సంస్థే. హోదా మార్చినంత మాత్రాన తీగలు మారవు.

అయితే బాధ్యత ఎవరిదో తేలకపోవడంలో హోదాకు పాత్ర ఉంది. 7,000 కోట్ల డాలర్లకు పైబడిన అప్పు తీర్చలేనని దీవి చేతులెత్తేయడంతో, 2016లో కాంగ్రెస్ ప్రొమెసా చట్టం చేసి ఏడుగురు సభ్యుల ఆర్థిక పర్యవేక్షణ బోర్డును పెట్టింది. సభ్యులను నియమించేది అమెరికా అధ్యక్షుడు. ప్రజలు ఎన్నుకున్న శాసనసభ ఆమోదించిన బడ్జెట్‌ను ఆ బోర్డు కాదనగలదు. కరెంటు సరఫరా, పంపిణీ నిర్వహణను 2021లో లూమా ఎనర్జీ అనే ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. మరమ్మతుల డబ్బు వాషింగ్టన్ నుంచి రావాలి. మీ వీధిలో కరెంటు పోతే గవర్నర్ కంపెనీని చూపిస్తారు, కంపెనీ పాత నెట్‌వర్క్‌ను చూపిస్తుంది. నిధులిచ్చే కాంగ్రెస్‌ను మార్చడానికి మీకు ఓటే లేదు.

రాష్ట్రమైతే ఏం మారుతుంది?

ఇద్దరు సెనేటర్లు, జనాభాను బట్టి సుమారు నలుగురు ప్రతినిధులు, అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వస్తాయి. మెడికెయిడ్, ఆహార సాయం, ఎస్ఎస్ఐ ఇతర రాష్ట్రాలతో సమానంగా అందుతాయి. జనాభాలో సుమారు 40 శాతం పేదలున్న చోట ఇది చిన్న విషయం కాదు.

బదులుగా ఫెడరల్ ఆదాయపు పన్ను మొదలవుతుంది. తక్కువ ఆదాయం ఉన్న చాలా కుటుంబాలపై ఆ భారం పడకపోవచ్చు గానీ, పన్ను రాయితీలు చూసి వచ్చిన ఔషధ కంపెనీలు ఉంటాయా, వెళ్తాయా అన్నది అసలు భయం. స్పానిష్ భాష, సొంత ఒలింపిక్ జట్టు ఏమవుతాయన్న ఆందోళన కూడా ఉంది. పైగా ఒకసారి రాష్ట్రమైతే వెనక్కి వచ్చే దారి లేదు.

విడిపోతే?

పన్నులు, వాణిజ్యం, ఓడరేవులు సొంత చేతిలోకి వస్తాయి. ఉదాహరణకు, 1920 నాటి జోన్స్ చట్టం ప్రకారం అమెరికా రేవుల మధ్య సరుకు రవాణాకు అమెరికాలో తయారైన, అమెరికా జెండా ఉన్న ఓడలే వాడాలి. ప్యూర్టో రికోకూ ఇదే వర్తిస్తుంది. రాష్ట్రమైనా ఈ చట్టం పోదు. స్వతంత్ర దేశమైతే పోతుంది.

కానీ ఆరోగ్యం, ఆహారం, విపత్తు సాయానికి వచ్చే ఫెడరల్ నిధులకు బదులు ఎక్కడ? రేపు పుట్టే పిల్లలకు అమెరికా పౌరసత్వం ఉంటుందా? రెండూ కాంగ్రెస్‌తో కుదిరే ఒప్పందం మీదే ఆధారపడతాయి. పలావ్, మార్షల్ దీవుల్లా స్వతంత్రంగా ఉంటూ అమెరికాతో ఒప్పందం చేసుకునే ‘స్వేచ్ఛా అనుబంధం’ మరో మార్గం. అయితే ఆ దేశాల ప్రజలు అమెరికాలో ఉండి పనిచేయగలరు గానీ, అమెరికా పౌరులు కారు.

ఇలాగే ఉంటే?

ఈ హోదాను సమర్థించేవారు పన్నుల స్వేచ్ఛను, సాంస్కృతిక గుర్తింపును, పౌరసత్వాన్ని ఒకేచోట కలిపి చూపిస్తారు. 1967లో 60 శాతం మంది దీనికే ఓటేశారు. కానీ ప్రధాన పన్ను రాయితీ ఒకటి 2006లో ముగిసింది. పర్యవేక్షణ బోర్డు వచ్చాక స్వయంపాలన ఎంతుందో అందరికీ తెలిసింది.

ఏడుసార్లు ఓటేసినా ఎందుకు తేలలేదు?

1967, 1993, 1998, 2012, 2017, 2020, 2024లో ఓటింగ్ జరిగింది. 2017లో రాష్ట్ర హోదాకు 97 శాతం వచ్చాయి, కానీ ప్రత్యర్థి పార్టీల బహిష్కరణతో పోలింగ్ 23 శాతమే. 2020లో 52 శాతానికి పైగా ‘అవును’ అన్నారు. 2024లో రాష్ట్ర హోదాకు సుమారు 59, స్వేచ్ఛా అనుబంధానికి 30, స్వాతంత్ర్యానికి 12 శాతం వచ్చాయి. అందులో ‘ఇప్పుడున్నట్లే’ అనే ఎంపిక బ్యాలెట్‌లో లేదు. అదే రోజు గవర్నర్ ఎన్నికలో స్వాతంత్ర్యవాది హువాన్ డాల్మౌ రెండో స్థానంలో నిలిచారు.

ఈ ఫలితాలేవీ కాంగ్రెస్‌ను కట్టిపడేయవు. తీర్పుకు కట్టుబడి ఉంటామంటూ తెచ్చిన బిల్లు 2022 డిసెంబరులో ప్రతినిధుల సభలో 233-191తో నెగ్గింది. సెనేట్ దాన్ని చేపట్టలేదు. కొత్తగా ఇద్దరు సెనేటర్లు ఏ పార్టీకి వెళ్తారన్న లెక్క అక్కడ ఎప్పుడూ అడ్డుపడుతుంది.

తేల్చకపోవడానికి మూల్యం ఏంటి?

2010 నుంచి 2020 మధ్య దీవి జనాభా 11.8 శాతం తగ్గింది. ఒక్కో మనిషికి రాష్ట్ర హోదా కావాలంటే ఫ్లోరిడాకు విమాన టికెట్ చాలు. అక్కడ దిగి ఇల్లు తీసుకుంటే ఓటు, అర్హత ఉంటే ఎస్ఎస్ఐ, అన్నీ వస్తాయి. ప్యూర్టో రికో మూలాలున్న 50 లక్షల మందికి పైగా ఇప్పుడు ప్రధాన భూభాగంలోనే ఉన్నారు. వెళ్లగలిగినవాళ్లు వెళ్తున్నారు. వెళ్లలేని వృద్ధులు, రోగులు మిగులుతున్నారు, వాళ్లకు సేవలందించే పన్ను చెల్లింపుదారులు తగ్గుతున్నారు.

రాష్ట్ర హోదాకు, స్వాతంత్ర్యానికి రెండింటికీ బలమైన వాదనలున్నాయి. ఎంచుకోవాల్సింది దీవి ప్రజలే. సమర్థించడం కష్టమైనది మాత్రం నిర్ణయాలు ఒకరివి, కష్టం మరొకరిదిగా సాగుతున్న ఈ పద్ధతి. ముందు ప్రతి దారిలో పన్ను, పౌరసత్వం, నిధులు ఎలా ఉంటాయో కాంగ్రెస్ రాతపూర్వకంగా చెప్పాలి. వచ్చిన తీర్పుకు కట్టుబడతానని చట్టం చేయాలి. అవి లేకుండా జరిగే ఎనిమిదో ఓటింగ్ కూడా ఏడోదానిలాగే ముగుస్తుంది.

మీరు గమనించాల్సిన తేదీ 2027 సెప్టెంబరు 30. మెడికెయిడ్‌లో 76 శాతం వాటా గడువు ఆ రోజుతో ముగుస్తుంది. దాన్ని పొడిగించాలా వద్దా అని సభలో తుది ఓటేసేవారిలో ప్యూర్టో రికో ఎన్నుకున్నవారు ఒక్కరూ ఉండరు.