రెండు నోటు పుస్తకాలు

ఆ రోజుల్లో నా సంచిలో రెండు నోటు పుస్తకాలుండేవి. ఒకటి నేను పనిచేసే సంస్థది. ఎవరికి రేషన్ కార్డు లేదు, ఎవరికి మందులందలేదు, ఎవరిని పోలీసులు పట్టుకుపోయారు వంటివి అందులోకి ఎక్కేవి. రెండవది నా పరిశోధనది. హైదరాబాదులో ఒక హిజ్రాల ఇంట్లో పెద్దామె ఒకనాడు తన పుట్టింటి సంగతి చెబుతూ చెబుతూ ఆగి, "గిది ఆఫీసుకా, నీ సదువుకా బిడ్డా?" అని అడిగింది. నా వద్ద సమాధానం లేదు. ఏ పుస్తకం తెరిచి వ్రాస్తున్నానో నేనే గమనించుకోలేదు మరి.

సేవ, పరిశోధన కలిసి నడవాలనేవారిలో నేనూ ఒకదాన్ని. లింగత్వం, లైంగికత వంటి విషయాలు గ్రంథాలయంలో కూర్చుంటే తేలేవి కావు. హైదరాబాదు హిజ్రాల నడుమ మెలగి గాయత్రీ రెడ్డి ఆంగ్లంలో వ్రాసిన గ్రంథం 2005లో వచ్చింది. హిజ్రా జీవితాన్ని ఒక్క లైంగికతతో కొలవలేమనీ, ఇజ్జత్, బంధుత్వం, మతం అన్నీ అందులో పెనవేసుకున్నాయనీ అది చూపింది. వారి గడపలో కూర్చోనివారికి ఇది తెలిసేది కాదు.

చిక్కల్లా ఆ గడప ఎలా దాటామన్నదే. నన్ను లోపలికి రానిచ్చింది మందుల చీటీ. ప్రశ్నలు వేసింది మాత్రం పరిశోధన. ఆసుపత్రికి తోడు వచ్చే మనిషి అడిగితే కాదనడం ఎవరికైనా కష్టమే. ఆ మొగమాటాన్ని సమ్మతి అని వ్రాసుకోవడం నా దృష్టిలో అన్యాయం.

పైగా ఈ ఊళ్ళో హిజ్రాల పేర్లు వ్రాసుకోవడానికి పాత చరిత్ర ఒకటుంది. నిజాం కాలంలో 1919లో వచ్చిన చట్టం వారి పేర్లతో రిజిస్టరు పెట్టమన్నది. ఆడ దుస్తులతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చునన్నది. తృతీయ లింగాన్ని గుర్తిస్తూ 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాత కూడా అది బ్రతికే ఉంది. 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టివేస్తే గాని పోలేదు. అటువంటి చోట కలం, కాగితం అమాయకమైన వస్తువులు కావు. (అలాగని లెక్కలే వద్దనలేం. లెక్క లేనివారికి పింఛను అడిగే ఆధారమూ ఉండదు.)

రేవతి చేసిన పని ఇక్కడ గుర్తుకు వస్తుంది. బెంగుళూరులో సంగమ సంస్థలో పనిచేస్తూ, తోటి హిజ్రాల అనుభవాలను తానే సేకరించి 2004లో తమిళంలో పుస్తకంగా తెచ్చింది. అడిగినవారూ చెప్పినవారూ ఒకే ఇంటివారు. తరువాత వచ్చిన ఆమె ఆత్మకథ పి. సత్యవతిగారి చేతుల మీదుగా తెలుగులోకి వచ్చింది. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారం లభించింది. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలలో ఎన్ని, అవి ఎవరి గురించి వ్రాశారో వారు చదవగల భాషలో ఉన్నాయి?

నేను మళ్ళీ వెళ్ళాను, సంస్థ పని లేని ఒక ఆదివారం, ఒక్క పుస్తకంతోనే. వ్రాసుకున్నదంతా తెలుగులో చదివి వినిపించాను. పెద్దామె ఓపికగా విని, రెండు పుటలు తీసేయమన్నది. తీసేశాను. అధ్యాయం పలచబడిందన్నారు మా మార్గదర్శకులు. పలచబడిన మాట నిజమే.